డీజిల్ చేనులో తెల్లబూజు

జమ్మలమడుగు రోడ్డు పక్కనున్న మా చేను గురించి మా ఊళ్లో ఎవరిని అడిగినా ఒకే కథ చెప్తారు. డీజిల్ ట్యాంకరు బోల్తా పడింది, చేను పాడైపోయింది, అది ఆడబిడ్డ భాగానికి వచ్చింది, ఆమె చదువుకున్న తిక్కతో మంచుకొండల నుంచి ఏదో బూజు తెప్పించి చల్లింది, చలిదేశపు బూజు కాబట్టి కడప ఎండకు మాడి చచ్చింది, చివరికి పాపం వాళ్లన్నే ఆమెకు ఆ పీడ వదిలించాడు. కథ నున్నగా ఉంది. ప్రొద్దుటూరులో ఒక పెళ్లి భోజనాల దగ్గర నా వెనక వరసలో కూర్చున్నావిడ, నేనెవరో తెలియక, తన పక్కావిడకు ఈ కథంతా వడ్డించింది. నేను వెనక్కి తిరిగి, "ఆ తిక్కదాన్ని నేనేనమ్మా, సాంబారు ఇటు పంపించు" అన్నాను. ఆమె పప్పు కూడా ముట్టకుండా లేచిపోయింది.

ఆ కథలో ట్యాంకరు బోల్తా పడిందన్న మాట నిజం. చేను నా భాగానికి రావడం, నేను బూజు చల్లడం కూడా నిజం. తక్కినది కాదు. చేనును పాడు చేసింది ట్యాంకరు కాదు, బూజును చంపింది ఎండ కాదు. మొదటిది నా కళ్లతో చూశాను, రెండోదాని ఆనవాలు నా వేళ్లతో ముట్టుకున్నాను.

ట్యాంకరు పడిన రోజు నేను ప్రొద్దుటూరు నుంచి నాన్నను చూడటానికి పుట్టింటికి వచ్చాను. నాన్న అప్పటికే మంచంలో ఉన్నాడు. రోడ్డు మలుపులో పెద్ద చప్పుడైంది. ఊరంతా పరుగెత్తింది, నేనూ పరుగెత్తాను. ట్యాంకరు ఒక పక్కకు ఒరిగి పడుకుంది. డ్రైవరు తలకు తువ్వాలు అదిమిపట్టుకుని మైలురాయి మీద కూర్చున్నాడు. ఎవరో అతనికి నీళ్లిచ్చారు, ఆ మాత్రం మానవత్వం ఉంది మాకు. తక్కిన వాళ్లందరి చూపూ రోడ్డు పక్క కాలువ మీద ఉంది. డీజిలు దాంట్లో పడి, మా చేను గట్టును రాసుకుంటూ, కింద ఉన్న వంక వైపు పారుతోంది.

వంకలోకి పోవడం మంచిదని నేననను. కానీ అది పోతూ ఉంది, మా చేనులోకి రాలేదు. గట్టు ఎత్తుగా ఉంది కాబట్టి రాలేదు. ఆ గట్టు మా నాన్న వేసింది.

మా అన్న పార తీసుకుని వచ్చాడు. నేను మొదట అతను గట్టును ఇంకా గట్టి చేస్తాడనుకున్నాను. అతను కాలువలోకి దిగి, అడ్డంగా మట్టి వేసి, రాయి వేసి, తొక్కి, పారుదలను ఆపాడు. తర్వాత గట్టుకు గండి కొట్టాడు. డీజిలు దారి మళ్లి, మెల్లగా, మా చేనులోకి వచ్చి నిలబడింది.

ఈ పని బయటివాళ్లకు అర్థం కాదు. మా ప్రాంతంలో పుట్టిన రైతుకు మాత్రమే చేతకాగల తప్పు ఇది. ఏడాదికి రెండు వానలు సరిగ్గా పడితే పండగ చేసుకునే నేల మాది. కళ్ల ముందు పారేది ఏదైనా సరే, దానికి అడ్డం కట్టి, మన చేనులోకి మళ్లించి, నిలబెట్టుకోవాలి. తాతల కాలం నుంచి చేతులకు అలవాటైన పని అది. ఆలోచన దాకా పోకముందే పార లేస్తుంది.

"అన్నా, అది నీళ్లు కాదు. నేలలోకి ఇంకితే మళ్లీ ఏమీ మొలవదు," అని అరిచాను.

"ఇంకేలోపల ఎత్తుకుంటాం లేమ్మా. నువ్వు పక్కకు జరుగు పాపా, చీర తడుస్తాది."

"నా చీర సంగతి పక్కన పెట్టు. చేను సంగతి చూడు."

"చేను యాడికి పోతాది? ఈడ్నే ఉంటాది."

చేను ఎక్కడికీ పోలేదు, నిజమే. డీజిలు కూడా ఎక్కడికీ పోలేదు. వదిన బిందెలు తెచ్చింది, ఊళ్లో వాళ్లు క్యాన్లు తెచ్చారు, ఒకాయన పాల క్యానే తెచ్చాడు. మా అన్న ట్రాక్టరుకు, బోరు ఇంజనుకు సరిపడా డ్రమ్ములు నింపుకున్నాడు. పోలీసు జీపు వచ్చేసరికి మిగిలింది నల్లరేగడిలోకి దిగిపోయింది. ఎవరో బీడీ వెలిగించి ఉంటే మేమందరం అక్కడే బూడిదయ్యేవాళ్లం. ఆ సంగతి తర్వాత నవ్వుతూ చెప్పుకున్నారు.

ఆ ఏడాది శనగ చల్లితే ఆ చేనులో ఒక్క గింజ లేవలేదు. మరుసటేడూ అంతే. వాన పడితే నీళ్లు ఇంకకుండా తామరాకు మీద నిలిచినట్లు ముత్యాల్లా నిలిచేవి. ఎండ కాస్తే డీజిలు వాసన ఇంటిదాకా వచ్చేది. ట్యాంకరు వాళ్లను అందరూ తిట్టారు. గండి కొట్టిన చేతిని ఎవరూ తిట్టలేదు. నేను తిడితే, "ఆయమ్మకు నోరెక్కువ" అన్నారు.

నాన్న పోయాక భాగాలు పంచారు. ఆడబిడ్డకు భాగం ఇవ్వడానికి మా ఇంట్లో ఒక తరం ఆలోచించాల్సి వచ్చింది. చివరికి మా మేనమామ పెద్దమనిషిగా కూర్చుని, "రోడ్డు పక్క చేను పాపకు" అని చెప్పాడు. మా అన్న ఊరంతా తిరిగి, "మా చెల్లెలికి రోడ్డు సైడు ఇచ్చినాం" అని చెప్పుకున్నాడు. బయటివాళ్లు విని ఆహా అన్నారు. తను చంపిన నేలను నాకిచ్చి, పేరు కూడా తనే కొట్టేశాడు.

ఆ తర్వాత అసలు బండారం బయటపడింది. సిమెంటు లారీలు నిలుపుకోవడానికి రోడ్డు పక్కన చోటు కావాలని ఒకాయన తిరుగుతున్నాడు. అన్న నా దగ్గరకు వచ్చి, ఈ చేను తనకిచ్చేసి, దీని బదులు గుట్ట కింది చేను తీసుకోమన్నాడు. గుట్ట కింది చేను అంటే రాళ్లు. పేరుకు చేను.

నేను ఒప్పుకోలేదు. పుట్టిన ఊళ్లో నాకంటూ ఒక నేల ఉండాలని, దాంట్లో నేను చల్లిన శనగ మొలవాలని నా కోరిక. నేను బి.ఎస్సీ.లో వృక్షశాస్త్రం చదివాను. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. శిలీంధ్రాలు, అంటే మనం బూజులు, పుట్టగొడుగులు అని పిలిచేవి, చచ్చిన కట్టెను కుళ్లబెట్టి మట్టి చేస్తాయని ఏటేటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినదాన్ని. డీజిలు కూడా ఒకప్పుడు చెట్టూ చేమా పాచీ కుళ్లి ఏర్పడిన పదార్థమే కదా, దాన్ని తినేవి ఉండవా అని నా మనసులో ఉండేది.

"ఈ ఉగాదికి ఆ చేనులో శనగ మొలిస్తే నాది. మొలవకపోతే మీ ఇష్టం వచ్చినట్లు చేసుకోండి," అని మామ ముందే మాటిచ్చాను.

మామ నవ్వి, "మాట మీద నిలబడతావు కదా తల్లీ?" అన్నాడు.

"నేను నిలబడతా మామా. మీరందరూ నిలబడండి," అన్నాను.

కడపలో హాస్టల్లో నాతో పాటు ఉన్న స్నేహితురాలు ఒకామె హిమాలయాల దగ్గర ఒక ఊళ్లో పరిశోధన చేస్తుంది. పుట్టింది పులివెందులలో. మంచు పడే చోట జనరేటర్లకు, బండ్లకు, చలిమంటలకు డ్రమ్ముల కొద్దీ ఇంధనం నిలవ పెడతారు. అది కారి మట్టి పాడవుతుంది. అక్కడి చలికి మామూలు సూక్ష్మజీవులు ముడుచుకుని పడుకుంటాయి. ఆ చలిలో కూడా లేచి ఆ నూనెను విరగ్గొట్టి తినే బూజులు కొన్ని ఆ మట్టిలోనే ఉంటాయి. ఆమె వాటిని వెతికి, పెంచి, చూస్తుంటుంది. నేను ఫోను చేశాను.

"మే, నీ బూజు నాకు కొంచెం కావాల."

"తోడుకు పెరుగడిగినట్ల అడుగుతాండావే! నీ కడప ఎండకు అది బతకదు మే."

"ఎండాకాలం ఎవరు అడిగినారు? మాకు చలికాలం లేదా?"

"ఉండాదా?" అని పకపకా నవ్వింది. పులివెందులలో పుట్టినదానివి, మార్గశిరంలో తెల్లవారుజామున పళ్లు టకటకలాడించుకుంటూ చర్చికి పోయినదానివి, అంతా మర్చిపోయావా అని నేను తిడితే, అప్పుడు ఆలోచించింది.

ఆమె చెప్పిన సంగతి నేను ఊళ్లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఒక్కరి చెవికీ ఎక్కలేదు కాబట్టి ఇక్కడ మళ్లీ చెప్తాను. చలిని ఓర్చుకునే బూజు వేరు, చలి లేకపోతే చచ్చే బూజు వేరు. తన దగ్గర ఉన్నది ఓర్చుకునే రకం. మంచు కొండల్లో అది నెమ్మదిగా పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ దానికి చలి మరీ ఎక్కువ. మా మార్గశిర, పుష్య మాసాల చలి దానికి హాయి. అక్కడికంటే ఇక్కడే చురుగ్గా పని చేస్తుంది. శివరాత్రి దాటి ఎండ ముదిరితే చస్తుంది. చావనీ, అప్పటికి తిన్నంత తింటుంది, వచ్చే చలికాలం మళ్లీ చల్లుకోవచ్చు. పైరుకు అంటుకునే జబ్బు కాదు అది, బతికిన మొక్కను ముట్టదు.

"ఒక్క చలికాలంలో అంతా శుభ్రమైపోతాదని అనుకోవద్దు మే. రెండు మూడు కావాల," అంది.

"నాకు ఉగాదిదాకానే టైమిచ్చినారు."

"బూజుకు మీ ఉగాది తెలవదు కదా," అంది. తర్వాత, "మొలిచేదానికి సరిపోవచ్చులే. పైన పైన శుభ్రమైతే చాలు, శనగ లేస్తాది," అంది.

క్రిస్మస్‌కు ఆమె ఇంటికి వస్తూ తెచ్చింది. నేను ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాను. వాళ్ల నాన్న, తాత అందరూ బడిపంతుళ్లే, మిషన్ కాలం నుంచి చదువుకున్న కుటుంబం. ఇంటి ముందు నక్షత్రం వేలాడుతోంది, లోపల గులాబిపూలు అనే పండగ పిండివంట నూనెలో వేగుతున్న వాసన. వాళ్లమ్మ నన్ను చూసి ముందుగా చెప్పిన మాట ఇది.

"రా తల్లీ, నువ్వే చెప్పు దీనికి. ఇంత దూరం నుంచి అమ్మకు ఒక శాలువ తెచ్చిందా? లేదు. బూజు పట్టిన గోధుమలు సంచీ నిండా మోసుకొచ్చింది. నేను కోళ్లకు పోయబోతాంటే అరిచి గీపెట్టింది."

"అమ్మా, కోళ్లకు పోసింటే నా కొన్నేళ్ల కష్టం కోళ్లు తినేటివి."

"తినవు. కోళ్లకు బుద్ధుండాది."

అందరం నవ్వాం. గోధుమ గింజల మీద ఆమె ఆ బూజును పెంచి తెచ్చింది, పాలకు తోడు వేసినట్లు నేలకు తోడు వేయడానికి. సంచీ విప్పి చూస్తే తెల్లగా, దూదిలాగా, గింజను గింజతో అల్లేసి ఉంది. నేనప్పుడు నవ్వాను కానీ తర్వాత ఆలోచిస్తే, వాళ్లమ్మ చేసింది మా అందరి పని. బూజు కనపడితే పారెయ్యాలి, తుడవాలి, మందు కొట్టాలి. అది ఏ బూజు, ఏం చేస్తుంది అని అడిగేదెవరు?

తర్వాత నేను కొన్ని వారాల పాటు పుట్టింట్లోనే ఉన్నాను. మా ఆయన ప్రొద్దుటూరులో ఒక్కడే వండుకున్నాడు. ఫోను చేసినప్పుడల్లా, "నీ బూజుకేమన్నా తినడానికి దొరికిందా? నాకైతే లేదు," అనేవాడు. నేను కూలి మనుషులను పెట్టి పై మట్టిని గుల్ల చేయించాను. గాలి లేకపోతే బూజు బతకదు. చెనిక్కాయ, అంటే వేరుశనగ, పొట్టు బండెడు, బాగా మాగిన గొర్రె ఎరువు కొంచెం కలిపించాను. దాంట్లో గోధుమల తోడు కలిపాను. నీళ్లు చిలకరించి, మధ్యాహ్నం ఎండ తగలకుండా, తడి ఆరకుండా, పైన తడిపిన గోనెసంచులు కప్పాను. గాలికి లేవకుండా అక్కడక్కడా రాళ్లు పెట్టాను. రోడ్డు వైపు మూల గాలి ఎక్కువ. అక్కడ ఎత్తలేనంత నాపరాళ్లే పెట్టించాను.

రోడ్డు మీద పోయే ప్రతివాడూ సైకిలు ఆపాడు.

"ఏందక్కా, నేలకు జొరమొచ్చిందా? దుప్పటి కప్పినావు?"

"వచ్చింది. నువ్వు దగ్గరికి రావద్దు, అంటుకుంటాది."

"మందేస్తాండావా?"

"మందే ఏస్తాండా. నీ నోటిక్కూడా కొంచెం మిగిలింది, రా."

వదిన అన్నం తెచ్చి గట్టు మీద కూర్చుని, "మా ఇంట్లో పిల్లోల్లకు కప్పనన్ని దుప్పట్లు నీ మట్టికి కప్పినావు వదినా," అని ఒకటే దెప్పింది. కానీ రోజూ అన్నం తెచ్చింది. ఆమె మీద నాకు కోపం లేదు. కొంచెమే ఉంది.

ఒక తెల్లవారుజామున, మంచు ఇంకా విడవకముందే, నేను ఒక సంచీ ఎత్తి చూశాను. పొట్టు మీద, మట్టిగడ్డల సందుల్లో, తెల్లని దారాలు. సాలెగూడులాగా మొదలై, కొన్నిచోట్ల అరచేతి వెడల్పున అల్లుకుంది. ఒక గడ్డను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. డీజిలు వాసన పోలేదు కానీ దాని కింద ఇంకోటి ఉంది, తొలకరి పడ్డ తర్వాత వచ్చే వాసన. నేను చెంబులో నీళ్లు తెచ్చి పోశాను. అన్నేళ్లుగా ముత్యాల్లా దొర్లిపోయిన నీళ్లు, ఒక్క నిమిషం ఆగి, మెల్లగా, నేలలోకి దిగిపోయాయి.

నేనక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. ఏడ్చానని మా వదిన చెప్తుంది. మంచుకు ముక్కు కారి ఉంటుంది.

ఇంటికి పోయి అన్నను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. సంచీ ఎత్తి చూపించాను. అతను వంగి చూశాడు. చెప్పుతో ఆ తెల్ల దారాలను ఒకసారి రాశాడు.

"ఇది మొదలు కుళ్లు బూజు మాదిరుండాదే పాపా."

"కాదన్నా. అది పైరును తింటాది. ఇది డీజిలును తింటాది. చూడు, నీళ్లు పోస్తా చూడు." మళ్లీ చెంబెడు పోశాను. నీళ్లు ఇంకాయి.

"మన శనగకు అంటుకుంటాదేమో."

"అంటుకోదు. దీని ఆహారం అది కాదు."

అతను చేనంతా ఒకసారి చూశాడు, రోడ్డు వైపు చూశాడు. "అట్లనా," అన్నాడు. అంతే అన్నాడు. వెళ్లిపోయాడు. బాగుందని గానీ, బాగులేదని గానీ అనలేదు. నేను సంతోషంలో ఉన్నాను, ఆ 'అట్లనా' గురించి ఆలోచించలేదు.

మా ఆయనకు జ్వరం వచ్చిందని ఫోనొస్తే ప్రొద్దుటూరు పోయాను. కొన్ని రోజులకు తిరిగి వచ్చాను. బస్సు దిగుతుంటేనే తెలిసిపోయింది, రోడ్డు మూలన తప్ప చేనులో సంచులు లేవు. దగ్గరకు పోయి చూస్తే, తీసిన సంచులన్నీ చక్కగా మడిచి, ఒకదాని మీద ఒకటి, గట్టు మీద పేర్చి ఉన్నాయి. అంత పద్ధతిగా. నేల మీద నీలం. మట్టిగడ్డల మీద, చెనిక్కాయ పొట్టు మీద, ఆకాశం రంగులో సన్నని పూత ఎండిపోయి ఉంది. రాగి కలిపిన తెగులు మందు అది. మా ప్రాంతంలో రైతు ఇంట్లో పుట్టిన ఎవరికైనా ఆ రంగు తెలుసు. బూజును చంపడానికే దాన్ని చేస్తారు. తెల్ల దారాలు గోధుమరంగుకు తిరిగి, వేలితో ముట్టుకుంటే పొడి అయ్యాయి.

ఇంటికి పోయాను. అన్న అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"చేనుకు మందు కొట్టినదెవరు?"

"నేనే కొట్టినా పాపా. బూజు శానా పట్టిందని. నువ్వు ఊర్లో లేవు కదా, నీ చేను నేను చూసుకోకుంటే ఎవరు చూస్తారు?"

"నేను పెంచిన బూజు అన్నా అది! నీకు చూపించినా కదా. చెప్పినా కదా."

"చెప్పినావు. కానీ నా శనగకు అంటుకుంటే? నా చేనుకు కొడతాండా, ట్యాంకులో మందు మిగిలింది, మిగిలిన మందు పారబోసేదెందుకని నీదానికీ కొట్టినా. ఊర్లో ఎవరన్నా చేసే పనే కదా."

ఊళ్లో చేసే పనే, కాదనను. ట్యాంకులో మందు మిగిలితే పక్క చేనుకు కొట్టిపోవడం మా దగ్గర మర్యాద. తెగులుకు గట్టు తెలియదు కాబట్టి, నా చేను బాగుండాలంటే నీ చేనూ బాగుండాలి. ఆ మర్యాదను ఎవరూ తప్పు పట్టలేరు. అందుకే ఆ మాట చెప్పాడు.

నేను ఇంకేమీ మాట్లాడకుండా తిరిగి చేనుకు పోయాను. నా చేనుకూ అన్న శనగ చేనుకూ మధ్య ఒక్క గట్టే. గట్టు దాటి శనగలోకి దిగాను. పూత మీద ఉంది, ఆకుల మీద ఊరిన పులుపు రసం మెరుస్తోంది. ఒక్కో మొక్కనూ వంచి చూశాను. ఆకు పైన చూశాను, ఆకు కింద చూశాను, మొదలు చూశాను. గట్టు పక్క సాలు నుంచి నడి చేనుదాకా పోయాను, అటు చివరికీ పోయాను. ఎక్కడా నీలం లేదు. ఒక్క చుక్క లేదు.

తిరిగొచ్చి అరుగు ముందు నిలబడ్డాను.

"నీ శనగ మీద మందు లేదన్నా."

"మంచుకు కడుక్కుపోయింటాది."

"మంచు గట్టు దాటి నా చేనులో పడలేదా? నాదాంట్లో ఉండాది, నీదాంట్లో లేదు."

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. వదిన లోపలి నుంచి వచ్చి, "అన్నను పట్టుకోని అట్ల నిలదీస్తారా వదినా, ఏదో తెలియక కొట్టినాడు," అంది.

"తెలియక కొట్టినాడా, మిగిలి కొట్టినాడా, మంచికి కొట్టినాడా? మీరిద్దరూ ఒక మాట అనుకొని చెప్పండి."

అన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి పోయాడు.

స్నేహితురాలికి ఫోను చేసి జరిగింది చెప్పాను. "రాగి నేలలోనే ఉండిపోతాది మే. తోడు మళ్లీ పంపిస్తా, కానీ అది పట్టుకునేది కష్టం," అంది. అంటే ఒక విషం తీయబోతే, రెండో విషం వచ్చి కూర్చుంది.

అయినా నేను శనగ చల్లాను. మాటిచ్చాను కదా. కాలం కాని కాలంలో చల్లిన శనగ, నీళ్లు కట్టి చల్లాను. ఉగాది నాడు మామ వచ్చాడు, పచ్చడి తిని, చేను చూడటానికి ఊళ్లో పెద్దవాళ్లతో కలిసి వచ్చాడు. చేనంతా నున్నగా ఉంది. రోడ్డు వైపు మూలలో మాత్రం, నాపరాళ్లు పెట్టిన చోట, మొలిచింది. ఆ రాళ్లు ఎత్తడానికి బద్ధకించి అన్న అక్కడ సంచులు తీయలేదు. సంచుల కింద మందు పడలేదు. అక్కడ శనగ జానెడు ఎత్తున, పచ్చగా, వరసగా నిలబడి ఉంది. నీళ్లు పోస్తే ఇంకుతోంది. వాసన కూడా వెతుక్కుంటే గానీ తెలియడం లేదు.

"మామా, చూడు. మందు పడని చోట మొలిచింది."

"చేను మొలిచిందా పాపా? అది చెప్పు."

"మూల మొలిచింది. మందు పడకపోతే చేనూ మొలిచేది. దానికి ఇదే సాక్ష్యం."

"మూల మొలిస్తే చేను మొలిచినట్లా తల్లీ?"

"మామా, నీళ్లు ఇంకడం నీ కళ్లతో చూస్తివి."

"చూస్తి. నేను కాదనడంల్యా. కానీ నువ్విచ్చిన మాట చేను గురించి. ఆ అర్థాలన్నీ కాలేజీలో చెప్పుకోవాల, ఈడ మాట మాటే."

మందు ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అని నేను అడిగాను. ఒకాయన ఆకాశం వైపు చూశాడు, ఒకాయన బీడీ వెతుక్కున్నాడు. "అన్నాచెల్లెళ్ల మధ్య అవన్నీ ఎందుకు తవ్వుకుంటారమ్మా," అన్నాడు మామ. ఇచ్చిన మాట మీద నేను నిలబడాలి, అది మర్యాద. అన్న ఎందుకు మందు కొట్టాడో అడగకూడదు, అదీ మర్యాదే. రెండు మర్యాదలూ మోయాల్సింది నేనే.

మాట మీద నిలబడ్డాను. గుట్ట కింది రాళ్లు నాకొచ్చాయి. రోడ్డు పక్క చేను అన్నకు పోయింది. వేసవి ముగియకముందే దాంట్లో కంకర పోసి చదును చేశారు. మొలిచిన మూల మీద కూడా పోశారు. ఇప్పుడు అక్కడ సిమెంటు లారీలు నిలబడతాయి. ఇంజన్ల కింద నూనె కారి నల్లటి మడుగులు కడుతుంటాయి. ఎవరికీ పట్టదు, ఎందుకంటే అది చేను కాదు. అన్న ఇప్పుడు ఊళ్లో, "మా పాప చలిదేశపు బూజు తెప్పించింది, మన ఎండకు నిలబడలేదు, పాపం," అని చెప్తాడట. మందు కొట్టింది పుష్యమాసంలో. ఆ వారం ఊరంతా చలిమంటలు వేసుకుని కూర్చుంది. ఏ ఎండ?

ఈ సంగతి ఎన్నిసార్లు మాట్లాడినా నాకు మందు వల్ల బూజు చచ్చిందా లేదా అన్న చర్చే ఎదురవుతుంది. నాకు ఆ చర్చ అక్కర్లేదు. బూజుకు మందు కొడితే చస్తుంది, కడుపుకు అన్నం తినే ఎవరికైనా తెలుసు. నేల పోయిందన్న బాధ కూడా పక్కన పెడతాను, పోయిన నేలలు మా జిల్లాలో చాలా ఉన్నాయి. తెలియక చేశాడంటే క్షమిస్తాను. లారీల కోసం చేశానని ఒక్కసారి నోరు విప్పి చెప్తే, తిడతాను, తర్వాత అన్నే కాబట్టి వాళ్లింట్లో అన్నం కూడా తింటాను. రెండింట్లో ఏదో ఒకటి అతని నోటితో వినాలి. నేను కనపడితే చాలు, పిల్లల చదువులు అడుగుతాడు, బస్సు టైము అడుగుతాడు, మా ఆయన ఆరోగ్యం అడుగుతాడు.

నీ చేనులో ఒక్క ఆకుకూ కొట్టని మందును, పైరే లేని నా నేలకు, సంచులు ఎత్తి మడిచి పెట్టి మరీ కొట్టావు కదన్నా, ఆ పొద్దు నువ్వు ఏ పైరును కాపాడుతున్నాననుకుని ట్యాంకు భుజానికెత్తుకున్నావు?